వద్దన్నా వచ్చిన పార్సెళ్లు

కొత్తవాడలో మా సందులోకి పోస్ట్‌మ్యాన్ సైకిల్ తిరిగిందంటే ముందు మగ్గాల చప్పుడు ఆగేది. జంపఖానా నేసేటప్పుడు అడ్డుపోగైన పేకను దగ్గరికి కొట్టే ఇనుప పంజా దెబ్బ ఒక్కో ఇంట్లో ఆగుతూ, ఆ నిశ్శబ్దం మా ఇంటివైపు నడిచి వచ్చేది. డెబ్బైల చివరి సంవత్సరాల మాట ఇది. ఆ నిశ్శబ్దం వినగానే మా వదిన కండెలు చుట్టే చరఖాను అలాగే వదిలేసి, కొంగుకు అంటిన నూలు దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చేది.

"చెల్లే! నీ రేడియో ముక్కలొచ్చినయ్!" అని పోస్ట్‌మ్యాన్ సందు మొదట్లోనే కేకవేసేవాడు.

"జర మెల్లగ చెప్పన్నా. ఊరంత వింటాంది."

"వినాల్ననే గదా చెప్తాన!"

వీపీపీ అంటే ఇప్పటివాళ్లకు కొంచెం చెప్పాలి. దూరాన ఉన్న కంపెనీ పార్సెల్ పంపుతుంది. పోస్ట్‌మ్యాన్ దాన్ని ఇంటికి తెస్తాడు. అతని చేతిలో డబ్బు పెడితేనే పార్సెల్ మన చేతికి వస్తుంది. అంతవరకూ దాని తాడు కూడా విప్పనివ్వడు. లోపల ఏముందో డబ్బు కట్టాకే తెలుస్తుంది. ఆ తాడు విప్పే నిమిషంలో మా వదిన ముఖం చూడటానికే నేను పత్రిక ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లిన రోజులున్నాయి.

రేడియో ముక్కలు మా ఇంటికి రావడానికి కారణం వదిన దగ్గు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె చరఖా ముందే కూర్చునేది. అన్న మగ్గానికి కావలసిన కండెలన్నీ ఆమె చుట్టినవే. మూడో ఏడు వచ్చేసరికి దగ్గు పట్టుకుంది. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఈ నూలు దుమ్ము నీకు పడదమ్మా. వేరే పని చూసుకో" అంది. మేం రిక్షా ఎక్కాం. దారిలో వదిన, "వేరే పని సూసుకో అన్నది గదా తమ్మీ, యాడున్నదట? దవాఖాన ఎనకున్నదా?" అని తనే నవ్వింది. నవ్వుతుంటే మళ్లీ దగ్గు వచ్చింది.

నేనప్పుడు ఊళ్లోని ఒక చిన్న దినపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ని. ఆ వారంలోనే లోపలి పేజీకి ఒక ప్రకటన వచ్చింది. ఇంటి దగ్గరే ఉండి పోస్టులో రేడియో మెకానిక్ పని నేర్చుకోవచ్చు. ఆరు నెలల్లో ఆరు పార్సెళ్లు, పాఠాలు తెలుగులో. ఆఖరి పార్సెల్‌తో మీ చేత్తో కట్టిన రేడియో మీ ఇంట్లో పలుకుతుంది. ప్రకటన అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. అందులో తలకిందులుగా పడిన ఒక అక్షరాన్ని నేనే సరిచేయించాను. వాక్యం ఏం చెబుతుందో మాత్రం పట్టించుకోలేదు. ప్రూఫులు దిద్దేవాడి కన్ను అక్షరం దగ్గర ఆగుతుంది, అర్థం దాకా పోదు. నా విషయంలో అది నిజమని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ప్రకటన కత్తిరించి ఇంటికి తెచ్చాను. వదిన ఏడో తరగతి దాకా చదివింది. రెండుసార్లు చదివి కాగితాన్ని అన్న ముందు పెట్టింది. అన్న మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండానే, "ఆడోళ్లు రేడియోలు బాగుజేస్తే మొగోళ్లు కండెలు సుట్టాలె గావచ్చు" అన్నాడు.

"సుట్టు. ఎవలొద్దన్నరు?"

అన్న పంజా పక్కన పెట్టాడు. షరతు చెప్పాడు. "సెట్టు మాట్లాడితే నువ్వు చరఖా ఇడ్సిపెట్టు, రేడియోల పనే చేస్కో. మాట్లాడకుంటే మల్ల చరఖా కాడ కూసోవాలె. ఇగ పోస్టు పేరు ఎత్తద్దు."

"మాట్లాడుతది" అంది వదిన, ఇంకా అది పుట్టకముందే.

మొదటి పార్సెల్ వచ్చిన రోజు ఇంట్లో పండగలా ఉంది. పాఠాల పుస్తకం, చిల్లులున్న చిన్న అట్టలాంటి పలక, సీసపు తీగ చుట్ట, సీసం కరిగించి మాటు వేసే కడ్డీ. కడ్డీని బొగ్గుల కుంపటిలో కాల్చాలి. రెండో నెల నుంచి అసలు సరుకు దిగింది. మూడు కాళ్ల ట్రాన్సిస్టర్లకు వదిన మిడతలని పేరు పెట్టింది. గుండ్రటి బిళ్లలు పిప్పరమెంట్లు. పక్కింటి పెద్దమ్మ ఒక బిళ్లను వేళ్ల మధ్య పట్టుకుని చూసి, "గింతంత దాంట్లకెళ్లి మనిషి గొంతు ఎట్లత్తదే?" అని అడిగితే, "అందుకే గదా అత్తా నేర్చుకుంటాన" అనేది. కడ్డీ ఎర్రగా కాలి సీసం కరిగి చుక్కయి మెరిసినప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లందరూ ఒక్కసారి 'అబ్బా' అనేవాళ్లు. నాకిప్పటికీ ఆ చుక్క కళ్ల ముందుంది.

మూడో పార్సెల్‌లో రెసిస్టర్లు వచ్చాయి. బియ్యపు గింజకంటే కొంచెం పెద్దవి. ఒంటినిండా రంగురంగుల చారలు. ఏ రెసిస్టర్ ఎంత బలమైందో ఆ చారల వరుసే చెబుతుందని పాఠంలో ఉంది. ఏ చోట ఏ వరుస రంగులున్నది పెట్టాలో ఒక జాబితా కూడా ఉంది. పుస్తకం నలుపు తెలుపు అచ్చు. బొమ్మలో చారలన్నీ ఒకేలా నల్లగా కనిపించేవి.

వదినకు రంగులతో పని పడింది. ఇంతకంటే సులువైనది ఉంటుందా! జంపఖానా ఇంట్లో పెరిగిన మనిషి. నూలు చిలపలో ఎరుపుకూ ముదురెరుపుకూ తేడా దీపం వెలుగులో కూడా చెప్పగలదు. "గిది మన పనే తమ్మీ. సారలు సూసుడే గదా" అంటూ ఒక్కో రెసిస్టర్‌నూ వేలి మీద పెట్టుకుని రంగులు పైకి చదివేది. నేను జాబితాలో వెతికేవాణ్ని. కొన్ని దొరికాయి. ఎనిమిదో తొమ్మిదో దొరకలేదు. జాబితాలో కావాలన్నవి మా దగ్గర లేవు, మా దగ్గరున్నవి జాబితాలో లేవు.

"కంపెనీ పొరపాటు జేసింది" అని తేల్చాను. పత్రికలో పనిచేసేవాణ్ని కాబట్టి నా మాట చెల్లింది. ఆ రోజే ఉత్తరం రాశాను. తక్కువైన సామాను వచ్చే పార్సెల్‌లో పంపగలరు అని.

నాలుగో పార్సెల్ వచ్చింది. సామాను రాలేదు. ఐదోది వచ్చింది. రాలేదు. ఆరోదాంట్లో స్పీకరు వచ్చింది. ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. అయినా వదిన సెట్టు కట్టింది. సెల్‌లు వేసి, మీట తిప్పి, సందు సందంతా ఊపిరి బిగబట్టి విన్నది. ఏమీ లేదు. కనీసం గుర్రుమనలేదు.

"మౌనవ్రతంల ఉన్నది" అన్నాడు ఎదురింటి మామ. నవ్వుతూ వెళ్లిపోయారు అందరూ. అన్న నవ్వలేదు. "తక్కువైన ముక్కలు రానియ్. అప్పుడు సూద్దాం" అన్నాడు. ఆ మాటకు వదిన కళ్లలో తడి వచ్చింది. నేను చూడనట్టు నటించాను.

తర్వాతి నెల ఏడో పార్సెల్ వచ్చింది.

"ఆరే గదన్నా?" అంది వదిన.

"నాకేం తెలుసు చెల్లే. మీ ఇంటి పేరే ఉన్నది."

తీసుకోవాలా, తిప్పి పంపాలా? ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి అడ్డం వచ్చింది. షావుకారు దగ్గర్నుంచి నూలు మూట ఇంటికి వస్తుంది. నేసి ఇస్తాం, ఇంకో మూట వస్తుంది. వచ్చిన మూటను గుమ్మంలోంచే తిప్పి పంపితే ఆ షావుకారుతో పని తెగిపోయినట్టు లెక్క. మళ్లీ ఆ ఇంటి నుంచి పోగు రాదు. మా నాన్న కాలం నుంచీ జ్వరం వచ్చినా మూట తీసుకోవడమే. అన్న పార్సెల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "తిప్పి పంపితే మన ముక్కలు గూడ పంపరు. తీస్కో" అన్నాడు. మాకందరికీ అది న్యాయంగానే తోచింది. లోపల తక్కువైన సామాను ఉంటుందన్న ఆశ ఎలాగూ ఉంది.

తాడు విప్పాం. లోపల 'రెండవ కోర్సు, మొదటి పాఠం' ఉంది. పెద్ద సెట్ల గురించి. మా ముక్కలు లేవు.

వారానికి అచ్చు కార్డు వచ్చింది. మీరు పార్సెల్ విడిపించుకున్నందుకు సంతోషం, రెండవ కోర్సులో మీ సభ్యత్వం కొనసాగుతున్నది, వద్దనుకుంటే ముప్పై రోజుల ముందు రాయవలెను. అప్పుడు పాత పత్రిక తీసి చూశాను. నేను అక్షరం సరిచేయించిన చీమల వాక్యం సరిగ్గా అదే.

వెంటనే రాశాను. కోర్సు వద్దు, మిగిలిన సామాను మాత్రం పంపండి. ఆ ఉత్తరం అటు వెళుతుంటే ఎనిమిదో పార్సెల్ ఇటు వస్తోంది. దాన్నీ తీసుకున్నాం, పని తెగకూడదని. తీసుకున్నాం కాబట్టి సభ్యత్వం కొనసాగుతున్నదని మళ్లీ కార్డు. నా ఉత్తరానికి జవాబు లేదు. రిజిస్టర్డ్ పోస్టులో ఇంకొకటి పంపాను. అదే కార్డు. మూడోది కొంచెం ఘాటుగా, సంపాదకుడికి రాసే భాషలో రాశాను. అదే కార్డు, ఈసారి సంతోషం అన్న మాట కింద ముద్ర కూడా వేసి.

ఈ మధ్య నా ఫోనులో ఒక సినిమాల యాప్ ఏడాది చందాను నన్నడక్కుండానే బ్యాంకు నుంచి లాగేసుకుంది. రద్దు చేద్దామని చూస్తే ఆ మాట ఎక్కడో నాలుగు తలుపుల వెనకుంది. ఒక్కో తలుపు దగ్గరా, నిజంగానే వెళ్లిపోతారా అని అడిగింది. బ్యాంకువాళ్లు యాప్‌ను అడగమన్నారు. యాప్ తరఫున మాట్లాడిన మర మనిషి బ్యాంకును అడగమంది. మా అబ్బాయి కోపంతో ఊగిపోతుంటే నాకు కొత్తవాడ గుమ్మం గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఫోనులో మాత్రం మాకప్పుడున్న ఒక సౌకర్యం లేదు. మాకు గుమ్మంలో నిలబడి వాదించడానికి ఒక మనిషి ఉండేవాడు.

తొమ్మిదో పార్సెల్ తెచ్చిన రోజున ఆ మనిషితోనే వాదన జరిగింది. అన్న మగ్గంలోంచి లేచి వచ్చి గడప మీద నిలబడ్డాడు.

"వద్దు. వాపస్ తీస్కపో."

"పని తెగుతది గదా?" అంది వదిన గబగబా.

"తెగనియ్. ఇగ చాలు. వాడు ముక్కలు పంపడు, నీ సెట్టు మాట్లాడదు. రేపటి సంది చరఖా కాడ కూసో. దగ్గుకు కషాయం తాగు."

వదిన గోడకు ఆనుకుంది. పోస్ట్‌మ్యాన్ ఇద్దర్నీ చూశాడు. పార్సెల్‌ను సంచిలో పెట్టుకుంటూ మెల్లగా, "ఇయ్యాల్నే వాపస్ పోదు. ఏడు రోజులు ఆఫీసుల ఉంటది. కావాల్నంటే గీ రోజులల్ల విడిపించుకోవచ్చు. ఎనిమిదో రోజు ఇగ నా చేతుల లేదు" అన్నాడు.

"ఏడు రోజులు" అంది వదిన. "ఏడు రోజులు చరఖా ముట్ట. అటెన్క నువ్వేం జెప్తే గది."

అన్న తల ఊపాడు.

ఆ ఏడు రోజుల్లో మొదటి నాలుగూ నాకు బాగా గుర్తున్నాయి. ఏమీ జరగలేదు కాబట్టి. వదిన వేసిన ప్రతి మాటునూ కరిగించి మళ్లీ వేసింది. పాఠాలు మొదటి అక్షరం నుంచీ చదివింది. సెల్‌లు మార్చింది. నేను ఆఫీసు నుంచి రాగానే, "ఏమన్నా..?" అనేవాణ్ని. తల అడ్డంగా ఊపేది. చేతి వేళ్ల కొసలు కాలి నల్లబడ్డాయి. ఒక్క సంగతి మాత్రం నేను గమనించాను. నాలుగు రోజులుగా ఆమె దగ్గలేదు.

ఐదో రోజు నాకు సెలవు. మధ్యాహ్నం అన్నం తిని అన్న మగ్గం దగ్గరికి పోకుండా వదినకు ఎదురుగా కూర్చున్నాడు. ఆమె జంపఖానా ముక్క మీద మిగిలిన రెసిస్టర్లను వరసగా పేర్చి చూస్తోంది. ఆరు నెలలుగా అతను వాటిని ముట్టలేదు. ఏం తోచిందో, ఒకదాన్ని వేలితో చూపించి, పక్కన తెరిచి ఉన్న జాబితా చూసి అన్నాడు.

"గిది లేదంటవేందే? ఉన్నది గదా. గోధుమ, నలుపు, నారింజ. ఇగో, రాసే ఉన్నది."

"యాడున్నది? గది నారింజ, నలుపు, గోధుమ."

"కండ్లు కనవడ్తలేవా? గోధుమ, నలుపు, నారింజ."

"గట్ల సదవద్దయ్యా. బంగారు సార కాన్నుంచి మొదలుపెట్టాలె."

"ఎవడు జెప్పిండు?"

వదిన నావైపు చూసింది. నేను పాఠం తీశాను. వెతికాను. ఎవరూ చెప్పలేదు! పాఠంలో ఎక్కడా బంగారు చార దగ్గర మొదలుపెట్టమని లేదు. ప్రతి రెసిస్టర్‌కూ ఒక కొసన బంగారు చార ఉంది. నేత ఇంట్లో మెరిసే పట్టీ అంటే అది అంచే. జంపఖానా ఎప్పుడూ అంచుతోనే మొదలవుతుంది. నమూనా చదివినా అంచు నుంచే లోపలికి చదువుతారు. వదిన మొదటి రోజే బంగారాన్ని అంచు అనుకుంది. అందులో అనుమానించాల్సినదేమీ ఆమెకు కనబడలేదు. అదే ఇంట్లో పుట్టిన నాకూ కనబడలేదు. అన్న ఎదురుగా కూర్చున్నాడు, అతనికి గింజలు తలకిందులుగా కనబడ్డాయి. అంతే.

"ఇంకోటి సదువు" అంది వదిన.

అన్న చదివాడు. జాబితాలో ఉంది. ఇంకొకటి. ఉంది. ఇంకొకటి. తొమ్మిదీ ఉన్నాయి! కంపెనీ మాకు ఒక్క ముక్క కూడా తక్కువ పంపలేదు. నేను ఘాటుగా రాసిన ఉత్తరాలన్నీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"అయితే అతికినయి గూడ..." అని ఆగిపోయింది వదిన. అవును, ముందే అతికించిన వాటిలో కొన్ని ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి. ఎరుపు, నలుపు, గోధుమ ఉండాల్సిన చోట గోధుమ, నలుపు, ఎరుపు. అటు నుంచి చదివితే ఇది, ఇటు నుంచి చదివితే అది.

ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు. అన్న విసనకర్రతో కుంపటి విసిరాడు. అన్న కుంపటి విసరడం సందులో ఎవరూ అంతకుముందు చూడలేదు. ఎదురింటి మామ వచ్చి, "ఏంరో, కండెలు గూడ సుడ్తానవా?" అంటే, "సుడ్త. నీకేం నొప్పి?" అన్నాడు. నేను జాబితా చదువుతుంటే అన్న రంగులు చెబుతుంటే వదిన మాటు వేసింది. ఆరో రోజంతా అదే పని. నేను ఆఫీసుకు కడుపునొప్పి అని కబురంపాను.

ఏడో రోజు పొద్దున పదిగంటలకు ఆఖరి మాటు చల్లారింది. వదిన సెల్‌లు వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. మీట తిప్పింది. గుర్రుమంది! ఆ గుర్రుకే పక్కింటి పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది. వదిన రెండో మీటను గోటితో వెంట్రుకవాసి కదిపింది. గుర్రు సన్నబడింది, ఈల అయింది, ఈల తెగి ఒక మగ గొంతు మా ఇంట్లోకి వచ్చింది. హైదరాబాద్ స్టేషన్. పాట కాదు, నాటకం కాదు. మార్కెట్ యార్డుల్లో మిర్చి ధర, పత్తి ధర చదువుతున్నాడు. ఆ ధరలను మా సందు మొత్తం నోరు తెరుచుకుని విన్నది. ఎవరో చప్పట్లు కొట్టారు. వదిన ఏడుస్తూ నవ్వుతూ, "మాట్లాడుతాంది! మాట్లాడుతాంది!" అని అన్న భుజం మీద గుద్దింది. అందరి ముందూ ఆమె అతన్ని ముట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. ఆఖరి రోజు కదా, అడుగుదామని వచ్చాడు. పార్సెల్ అతని చేతిలోనే ఉంది. రేడియో గుమ్మంలో స్టూలు మీద మోగుతోంది. కాసేపు నిలబడి విన్నాడు.

"విడిపించుకుంటవా చెల్లే?"

వదిన అన్నవైపు చూడలేదు. "వాపస్ పంపన్నా. నా ముక్కలు నాకు ముట్టినయ్" అంది. పార్సెల్ తిరస్కరించినట్టు అతను రాసిన కాగితం మీద, పార్సెల్ అన్న పేరు మీద వచ్చింది కాబట్టి, సంతకం అన్నతో పెట్టించి, కింద తన పేరు కూడా రాసింది. అవసరం లేదన్నాడు పోస్ట్‌మ్యాన్. "ఉండనియ్" అంది. మా ఇంటి నుంచి ఒక మూట తిరిగి వెళ్లడం అదే మొదటిసారి. కంపెనీ నుంచి ఆ తర్వాత కూడా రెండు కార్డులొచ్చాయి, మూడో కోర్సులో మా సభ్యత్వం కొనసాగుతున్నదని. వదిన వాటిని కుంపటి రాజేయడానికి వాడింది.

మర్నాడు సందులో మగ్గాలు మళ్లీ ఆగాయి. పోస్ట్‌మ్యాన్ సైకిల్ మా ఇంటి ముందుకే వచ్చింది. సంచి ముట్టుకోలేదు. వెనక కారియర్‌కు తువ్వాల చుట్టి కట్టినది విప్పి, రెండు చేతులతో తెచ్చి గడప మీద పెట్టాడు. తోలు కవరు చిరిగిన పాత రేడియో.

"మా ఇంటామె రెండేండ్ల సంది మొత్తుకుంటాంది. జర సూస్తవా?"

లోపల చరఖా ముందు కూర్చుని అన్న తంటాలు పడుతూ కండె చుడుతున్నాడు. దారం రెండుసార్లు తెగింది. వదిన నవ్వాపుకుని, రేడియోను ఒళ్లో తిప్పి పెట్టుకుంది.

"తమ్మీ, గా సన్న స్క్రూడ్రైవర్ అందుకో."